సీరం కాదు, కణాలే: ఎలుకలతో నా ప్రయోగం

హైదరాబాద్‌లో ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. లిస్టీరియా బ్యాక్టీరియా సోకిన ఎలుకను యాంటీబాడీలు కాపాడతాయా, రోగనిరోధక కణాలు కాపాడతాయా అన్నది పాత ప్రశ్నే. 1960లలోనే మాకనెస్ అనే శాస్త్రవేత్త బృందం తేల్చేసింది: కోలుకున్న ఎలుక సీరం (యాంటీబాడీలుండే రక్తపు ద్రవం) ఎక్కిస్తే పని జరగదు, దాని ప్లీహంలోని కణాలు ఎక్కిస్తే కొత్త ఎలుక తట్టుకుంటుంది. ముందు దాన్నే నా చేత్తో చేసి చూపించమన్నారు మా గైడ్.

మొదటి గండం ఎథిక్స్ కమిటీ. ఎన్ని ఎలుకలు, ఎందుకన్ని, బరువు ఎంత తగ్గితే ప్రయోగం ఆపేస్తారు, అన్నీ ఫామ్‌లో రాయాలి. సంఖ్య తగ్గించమని వెనక్కి పంపారు. విసుగొచ్చిన మాట నిజమే గానీ, వాళ్ళు అడిగింది న్యాయమే.

అసలు టెన్షన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సిన తోక సిరతో. మావి నల్ల ఎలుకలు, తోక కూడా నల్లగానే ఉంటుంది, సిర సరిగా కనపడదు. గోరువెచ్చని నీళ్ళలో తోక ముంచితే పక్క సిర కాస్త ఉబ్బుతుంది. "బలం పెట్టకు. అడ్డు తగిలిందంటే సూది బయటున్నట్టే" అని పక్కనే నిలబడి చెప్పేది మా సీనియర్ అక్క. సిరలో పడితే ఎక్కించే ద్రవం జారిపోతుంది. పడకపోతే తోక మీద తెల్లగా బుడిపె లేస్తుంది.

తక్కువ డోసు లిస్టీరియా ఇచ్చిన ఎలుకలు కోలుకున్నాక వాటికి యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ పట్టించాను, లేకపోతే కణాలతోపాటు బతికున్న బ్యాక్టీరియా కూడా కొత్త ఎలుకలోకి వెళ్ళిపోవచ్చు. తర్వాత ప్లీహాన్ని చింతపండు పిసికినట్టు సన్నని జాలీ మీద సిరంజి వెనక భాగంతో నలిపి, ఎర్రకణాలను పగలగొట్టి, రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకమైన టీ కణాలను వేరుచేశాను. ఒక గుంపుకి ఆ కణాలు, ఇంకో గుంపుకి సీరం, మూడో గుంపుకి ఉత్త సెలైన్ ఇచ్చి, అన్నిటికీ లిస్టీరియా ఎక్కించాను.

మూడో రోజు ప్లీహం, కాలేయం నూరి, పదేసి రెట్లు పలుచన చేసి, బ్యాక్టీరియా పెరిగే అగార్ ప్లేట్ల మీద పరిచాను. మర్నాడు చూస్తే సీరం ప్లేట్లు సెలైన్ ప్లేట్లలాగే కిక్కిరిసి ఉన్నాయి. అదే పలుచన దగ్గర టీ కణాల ప్లేట్ల మీద కాలనీలు (బ్యాక్టీరియా గుంపుల చుక్కలు) విడివిడిగా, లెక్కపెట్టేంత పలచగా ఉన్నాయి.

ఎందుకంటే లిస్టీరియా బయట తిరగదు. మింగిన కణం లోపలే, తనను బంధించిన సంచికి కన్నం పెట్టుకుని బయటపడి, ఆ కణపు ఆక్టిన్ అనే ప్రోటీన్‌నే తోకగా చేసుకుని పక్క కణంలోకి దూరిపోతుంది. యాంటీబాడీకి అది చిక్కేదెక్కడ? టీ కణాలైతే సోకిన కణాన్నే చంపుతాయి, గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేత ప్రోటీన్ వదిలి, క్రిములను మింగే మ్యాక్రోఫేజ్ కణాలకు చంపే శక్తినిస్తాయి.

గైడ్ ప్లేట్లన్నీ తిప్పి చూసి, "బాగుంది. ఇప్పుడు సీడీ8 కణాలు తీసేసి మళ్ళీ చెయ్" అన్నారు. సీడీ8 అంటే సోకిన కణాలను చంపే రకం టీ కణాలు. అంటే ఇంకో ఫామ్.