మామ్మగారి తోట పూలు, పుష్పదంతుడి పాట

"దేవుడికే కదండీ!" ఈ ఒక్క మాట అనేస్తే చాలు, ఎవరి ప్రహరీ మీంచైనా చెయ్యి చాపొచ్చని మనవాళ్లకు గట్టి నమ్మకం. వసంత నవరాత్రులు నడుస్తున్నాయి. ఇంటింటా పూజలు, అందరికీ పూలు కావాలి. మా పక్కింటి మామ్మగారు పోయిన కార్తికంలో కాలం చేశారు. ఇంటికి తాళం వేసి ఉంది. తోట మాత్రం ఎప్పటిలాగే విరగబూసింది. ఇంకేముంది, తెల్లవారకముందే గోడవతల దోటీలు లేస్తున్నాయి. నందివర్ధనం కొమ్మలు చీలి వేలాడుతున్నాయి. రేపు విచ్చాల్సిన మల్లెమొగ్గలు కూడా ఇవాళే కవర్లలోకి పోతున్నాయి. ఇదేమిటమ్మా అంటే పై మాటే జవాబు. దాని వెనకే ఇంకో మాట: "ఆవిడే లేదు కదా, ఎవరికోసం ఉంచాలి?"

నాకు మనసు విరిగింది ఆ రెండో మాటకే.

పోయినవాళ్ల ఇంటి పూలు పూజకు పనికొస్తాయా అని వెనకాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆశౌచం, అంటే చావు మైల, జ్ఞాతులకు, చెట్టుకు కాదు. ఉప్పు, పూలు, పండ్లు, కూరలు, గడ్డి, నీళ్లు మైల ఉన్న ఇంటివైనా దోషం లేదని స్మృతివచనమే ఉంది. మైల రోజులు ముగిసి నెలలు గడిచిన ఇంటి గురించి ఇక చెప్పేదేముంది? నిక్షేపంగా కోసుకోవచ్చు. ఎలా కోస్తున్నారన్నదే నా బాధ.

గోడ దగ్గర నిలదీస్తే ఒక పెద్దాయన నాకు గౌతమ ధర్మసూత్రం అనే పాతకాలపు ధర్మశాస్త్రం అప్పజెప్పారు. ఆవుకు గడ్డి, అగ్నికి సమిధలు, తీగెలవీ చెట్లవీ పువ్వులు తనవిగానే తెచ్చుకోవచ్చు, పండ్లయితే కంచె లేనివే తీసుకోవాలి అని ఉన్న మాట నిజమే. కాదనను. కానీ అది ఉన్నది నేరాలూ దండనలూ చెప్పే అధ్యాయంలో. రాజు పట్టుకోడు, జరిమానా వెయ్యడు అన్నంతమాత్రాన మన పూజ స్వామికి చేరినట్టేనా? ఆ సంగతి తెలియాలంటే ధర్మసూత్రం కాదు, శివమహిమ్న స్తోత్రం తెరవాలి.

ఆ స్తోత్రం పాడిన పుష్పదంతుడి కథ మీ అందరికీ తెలిసిందే. గంధర్వుడు, మాయమై తిరిగే శక్తి ఉన్నవాడు. శివార్చన కోసం రోజూ రాజుగారి తోటలో పూలు ఎత్తుకుపోయేవాడు. తోటమాలులకు చిక్కడు. చివరికి రాజు తోటలో శివ నిర్మాల్యం చల్లించాడు. గంధర్వుడు చూసుకోక దాన్ని తొక్కాడు, ఉన్న మహిమంతా పోయింది. కథ ఇంతే అనుకుని మనం పారాయణంలో పడిపోతాం. కాస్త ఆగండి. అతను పూలు కోసింది శివుడికే. "దేవుడికే కదండీ" అని మనకంటే గట్టిగా అనగలిగినవాడు అతనే. మరి అతని మీద కోపం వచ్చింది ఎవరికి? స్తోత్రం చివర్లో ఉన్న శ్లోకం చూడండి. "దేవదేవస్య దాసః", ఆ దేవదేవుడి దాసుడు, అని ఒక పాదంలో చెప్పి, ఆ తర్వాతి పాదంలోనే "భ్రష్ట ఏవాస్య రోషాత్", ఆయన రోషం వల్లే భ్రష్టుడయ్యాడు, అంటుంది. ఆ రోషం రాజుది కాదు, పరమశివుడిది. ఎవరి పాదాలమీద వెయ్యడానికి పూలు తెచ్చాడో ఆ స్వామికే కోపం వచ్చింది.

ఇంకా లోతుకు వెళ్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. రాజు వల పన్నలేదు, కాపలా పెంచలేదు. చల్లింది నిర్మాల్యం. అంటే ఎవరో భక్తుడు ముందుగానే స్వామికి అర్పించి, స్వామి మేనినుంచి దిగివచ్చిన పూలు. అర్పించబోయే పూల మీద ఉన్న ఆత్రంలో, అప్పటికే అర్పించినవి గంధర్వుడి కాళ్లకింద పడ్డాయి. తన పూజ తప్ప ఇంకొకరి పూజ కంటికి ఆనలేదు. ఇప్పుడు చెప్పండి, తాళం వేసిన ఆ ఇంటి తోట ఏమిటి? ఒక ముత్తైదువ జీవితమంతా నీళ్లు పోసి, పాదులు తీసి, స్వామి కోసమని పెంచిన మొక్కలు. ఆ తోట నిలువెల్లా ఆవిడ చేసిన పూజే. పాదుల్లో చెప్పుల కాళ్లు పెట్టి కొమ్మలు విరుచుకుపోతున్నామంటే మనం దేన్ని తొక్కుతున్నట్టు?

అదే స్తోత్రంలో 19వ శ్లోకం ఉంది. "హరిస్తే సాహస్రం కమలబలిమాధాయ పదయోః, యదేకోనే తస్మిన్ నిజముదహరన్నేత్రకమలమ్." శ్రీహరి వెయ్యి కమలాలతో శివుణ్ణి అర్చిస్తున్నాడు. ఒకటి తక్కువైంది. ఆయనకు కమలాలకు కరువా? లక్ష్మీదేవి చేతిలో ఉంది ఒకటి, అడగలేదు. తన నాభిలోనే ఉంది ఇంకొకటి. కానీ అందులో బ్రహ్మగారు ఉంటున్నారు, అది ఆయన ఇల్లు. దాన్నీ తుంచలేదు. తన కన్నే కమలంగా తీసి పెట్టేశాడు. ఆ భక్తే చక్రాయుధమై ఈనాటికీ మూడు లోకాలనూ కాస్తోందంటుంది ఆ శ్లోకం. ఇది పాడుతున్నది ఎవరో గుర్తు తెచ్చుకోండి. పూలు తక్కువైతే పరాయి తోటకు పోయినవాడు, పువ్వు తక్కువైతే కన్ను ఇచ్చినవాడి గురించి పాడుతున్నాడు. మహిమ పోగొట్టుకుని నేలమీద నిలబడి పాడుతున్నాడు. ప్రదోషవేళ చదువుతుంటే ఈ శ్లోకం దగ్గర నాకు గొంతు పూడుకుపోతుంది, కాసేపు ముందుకు సాగలేను.

మామ్మగారికి సంస్కృతం రాదు. కానీ ఆవిడ పూలు కోయడం చూసినవాళ్లకు ఈ శ్లోకానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. స్నానం చేసి, పూలసజ్జ పట్టుకుని వచ్చి ముందు చెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు పోసేవారు. నీళ్లు ఇంకాకే పువ్వు మీద చెయ్యి. కొమ్మ వంచేవారు కాదు. తొడిమ కింద బొటనవేలి గోరు ఆనించి చిన్నగా నొక్కితే పువ్వు వేళ్లమధ్యకు వచ్చేసేది, పక్కనున్న ఆకు కదిలేది కాదు. నందివర్ధనం తుంచినచోట పాలు కారతాయి కదా, ఆ చుక్క రాలిపోయేదాకా పువ్వును తలకిందులుగా పట్టుకుని నిలబడేవారు, సజ్జలో మిగతా పూలకు జిగురు అంటకుండా. పొగడచెట్టు కింద సాయంత్రమే ఉతికిన పాత నేతచీర పరిచేవారు. రాలినవి పూజకు కూడదంటారు గానీ, పారిజాతానికీ పొగడకూ ఆవిడకు ఆ పట్టింపు లేదు. "అవి మనం కోయకుండా వాటంతట అవే వస్తాయే, అంతకంటే మడి ఏముంది?" అనేవారు. పొగడపువ్వుకు మధ్యలో రంధ్రం ఉంటుంది, సూది పని లేకుండా అరటినారకు గుచ్చి దండ చేసేవారు. వాడినా వాసన పోని పువ్వు అది.

తులసి దగ్గరికి వెళ్తే "తులస్యమృతజన్మాసి సదా త్వం కేశవప్రియే" చదవనిదే దళం తాకేవారు కాదు, ద్వాదశినాడు అసలే కాదు. ప్రతి కొమ్మకూ కొన్ని పూలు వదిలేసేవారు. ఎందుకు మామ్మగారూ, అవీ కోసుకోవచ్చుగా అంటే, "చెట్టు కూడా పూజ చేసుకోవద్దటే అమ్మాయ్! అవి దాని వాటా" అన్నారు.

మన పిల్లలందరికీ నోటికి వచ్చే పోతన పద్యం ఒకటుంది.

నీ పాదకమల సేవయు
నీ పాదార్చకులతోడి నెయ్యమును నితాం
తాపార భూతదయయును
తాపసమందార! నాకు దయసేయగదే!

ఈ వరం అడిగింది సుదాముడు, మథురలో పూలదండలు కట్టుకు బతికే మాలాకారుడు. కృష్ణుడు తనంతట తాను ఇంటికొచ్చి ఏం కావాలో కోరుకోమంటే, రోజూ పూలు కోసే మనిషి కోరుకున్నవి ఇవి. పాదసేవ మనమూ అడుగుతాం. మిగతా రెండూ? స్వామిని కొలిచినవాళ్లతో స్నేహం, ప్రాణుల మీద దయ. కన్నుమూసిందని మామ్మగారితో నెయ్యం తెగిపోతుందా? దోటితో గుంజితే విరిగే కొమ్మ ప్రాణి కాదా? పూజ ముగించి ఈ పద్యం రాగం తీసి పాడే నోటితోనే "ఆవిడే లేదు కదా" అనడం నాకు మింగుడుపడదు.

అందుకే చేతులు జోడించి అడుగుతున్నాను. పూలు ఉన్నచోటు యజమాని లేకపోతే వారసుల్ని అడగండి. వాళ్లూ అందకపోతే వదిలెయ్యండి. రెండు తులసిదళాలకూ చెంబు నీళ్లకూ స్వామి ఎప్పుడూ వద్దనలేదు. పదిమందికి చూపించుకోవడానికి పీఠం నిండా పూలు పొయ్యనక్కర్లేదు. మొగ్గలు తుంచకండి. కోసిన పువ్వు వాసన చూడకండి, ఎడమచేత్తో కోయకండి, ప్లాస్టిక్ కవర్లో కుక్కి ఉడకబెట్టకండి. అన్నిటికంటే ముందు నీళ్లు పొయ్యండి. ఎండలు ముదురుతున్నాయి. ఆ తోటలో పూలు కోసేవాళ్లే గానీ పాదు తడిపినవాళ్లు ఒక్కరూ కనబడలేదు నాకు.

నేను వాళ్ల అమ్మాయికి ఫోన్ చేశాను. "కోసుకో అక్కా, అమ్మ చెట్లు ఎండిపోకుండా చూడు చాలు" అంది, అవతల గొంతు వణికింది. ఏటి సూతకం కదా, వాళ్లింట్లో ఈసారి పండగ లేదు. రోజూ నేను అర్చన అయ్యాక ఆవిడ పేరూ గోత్రమూ తలుచుకుని, ఈ పూజాఫలంలో సగం ఆ తల్లిదని ఉద్ధరిణెడు నీళ్లు వదులుతున్నాను. పూలు ఆవిడవి కదా, నాది కోసిన శ్రమే.

చైత్ర శుద్ధ ద్వాదశినాడు విష్ణువుకు, చతుర్దశినాడు శివుడికి దవనం సమర్పిస్తాం. మామ్మగారి వెనక వరండాలో కుండీలనిండా దవనం ఏపుగా ఉంది. గేటు తాళంచెవి నా దగ్గరే ఉంది. మా వీధిలో ఎవరికి కావాలన్నా ముందురోజు సాయంత్రమే వచ్చి చెప్పండి. పొద్దున్న స్నానం చేసి రండి, చెప్పులు బయట విడిచి రండి, వచ్చేటప్పుడు ఒక బిందె నీళ్లు పట్టుకురండి.