పిచ్చుక కంటే చిన్న వడ్రంగి పిట్ట

మొన్న ఫిబ్రవరిలో మన్ననూరు దాటి నల్లమలలో నడుస్తున్నాం. టేకు, మద్ది చెట్లు చాలావరకు ఆకు రాల్చేశాయి. పైనుంచి సన్నగా టకటకమని చప్పుడు. వడ్రంగి పిట్టే, కానీ చప్పుడు మరీ చిన్నది, గోటితో బల్ల మీద కొట్టినట్టు. తలెత్తి చూస్తే చిటారున, పెన్సిలంత లావైనా లేని ఎండుపుల్లకు తలకిందులుగా వేలాడుతోంది. బైనాక్యులర్ కంటికి ఆనించేలోపే ఎగిరిపోయింది.

మా ఊరి కొబ్బరి తోటల్లో తిరిగే బంగారు వీపు వడ్రంగి పిట్ట గోరింక కంటే పెద్దది. ఇదేమో పిచ్చుకంత కూడా లేదు.

ఆ రాత్రి పక్షుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నాకు గుర్తున్నవి రెండే: గోధుమ వన్నె వీపు మీద తెల్లటి అడ్డచారలు, కంటి వెనక ముదురు పట్టీ. పసుపు తల వడ్రంగి పిట్టకు పొట్ట మీద ఎర్ర మచ్చ ఉంటుంది, సైజు కూడా పెద్దది. పికులెట్ అనే బుల్లి వడ్రంగి జాతి పిట్ట 10 సెంటీమీటర్లే, కానీ దాని వీపు ఆకుపచ్చ. బూడిద రంగు తల పిగ్మీ వుడ్‌పెకర్ అచ్చం దీనికి కవల పిల్లలా ఉంది. అయితే అది హిమాలయాల వైపు, ఈశాన్య రాష్ట్రాల్లో ఉండేది. నల్లమలలో దానికేం పని? అలా చివరికి మిగిలింది గోధుమ రంగు తల పిగ్మీ వుడ్‌పెకర్. 13 సెంటీమీటర్లు. శాస్త్రీయ నామం యుంగిపికస్ నానస్. లాటిన్‌లో నానస్ అంటే మరుగుజ్జు.

అయినా మనసు ఒప్పలేదు. మగపిట్టకు తల పక్కన సన్నటి ఎర్ర గీత ఉంటుందట. అది చూడకుండా పేరు రాసుకోవడం నాకు ఇష్టం లేదు.

మర్నాడు తెల్లవారగానే మళ్లీ వెళ్లాం. తోడొచ్చిన చెంచు గైడు, "పిట్టను వెతకవద్దు సార్, ఎండుపుల్లలను చూడండి" అన్నాడు. నాకు ఆ పూట అన్నిటికంటే ఉపయోగపడిన మాట అదే. పెద్ద వడ్రంగి పిట్టలు మానును, లావు కొమ్మలను పట్టుకుంటే, ఇది వాటి బరువు మోయలేని సన్న కొమ్మల్లో పురుగులు ఏరుకుంటుంది. అరగంట గడిచాక చిన్న పిట్టల గుంపు ఒకటి చెట్టు నుంచి చెట్టుకు సాగుతూ వచ్చింది. వాటి మధ్య "క్లిక్ ర్‌ర్‌ర్" అని వణికే కూత.

ఈసారి పది అడుగుల దూరంలోనే వాలింది. రెండు వేళ్లు ముందుకు, రెండు వెనక్కు పెట్టి పుల్లను బిగించి, బిరుసు తోకను ఊతంగా ఆనించింది. కన్ను పాలిపోయిన తెలుపు. కొట్టిన ప్రతిసారీ చెక్కపొడి ఎండలో మెరుస్తూ రాలింది. గాలికి ఈకలు లేచినప్పుడు కనిపించింది ఆ గీత, పుల్లను కుంకుమలో ముంచి గీసినట్టు, రెప్పపాటు మాత్రమే.

తిరిగి వచ్చేటప్పుడు గైడు ఒక ఎండుకొమ్మ చూపించాడు. దానికి రూపాయి బిళ్లంత గుండ్రటి రంధ్రం, అంచులు ఇంకా పచ్చిగా, కింద ఆకుల మీద తాజా పొడి. గూడు కడుతున్నట్టుంది. ఫోటో తీయకుండానే వెనక్కి తిరిగాం.