5, 8, 2
"నేను చెప్పిన అంకెలు వెనక నుంచి చెప్పు" అన్నారు, మా అబ్బాయికి చదువు ఎందుకు కష్టమవుతోందో పరీక్షిస్తున్న సైకాలజిస్ట్. 5, 8, 2. మావాడు టక్కున 2, 8, 5 అన్నాడు. ఇంకో అంకె చేర్చగానే రెండంకెలు చెప్పి ఆగిపోయి, నావైపు చూశాడు. నోరు కదపకుండా కూర్చోవడానికి నానా తంటాలు పడ్డాను.

అంతకుముందే చూపు, వినికిడి పరీక్షలయ్యాయి. రెండూ బాగున్నాయి. స్పెషల్ ఎడ్యుకేటర్ (నేర్చుకోవడంలో ఇబ్బందులున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్) చదివించారు, రాయించారు. ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రాయడం లాంటి రోజువారీ పనులకు తర్ఫీదిచ్చేవారు) అయితే వాడు రాసింది వదిలేసి పెన్సిల్ పట్టుకున్న వేళ్ళనే చూశారు. (నేనింతకాలం దస్తూరినే తిట్టాను.) ఏ ఒక్క పరీక్షతోనో తేల్చరట, అందరూ కలిసి మాట్లాడుకున్నాకే రిపోర్ట్ ఇస్తారట.

నా మనసు మాత్రం ఆ అంకెల దగ్గరే ఉండిపోయింది. "పుస్తకం తియ్యి, 40వ పేజీ తెరువు, మూడో లెక్క చెయ్యి" అని ఒక్క గుక్కలో చెప్పేదాన్ని. వాడు పుస్తకం తీసి అలాగే నిలబడేవాడు. "చెబితే వినవు కదా!" అని రోజూ అరుపులే.

వినే ఉంటాడు. మూడోది చెప్పేసరికి మొదటిదొక్కటే మిగిలేదేమో వాడి దగ్గర.

ఇందాక ఇంటికొచ్చాక "బూట్లు విప్పు" అన్నాను. అంతే, ఇంకేం అనలేదు. విప్పి, పక్కన పెట్టి వచ్చి, "తర్వాత?" అని అడిగాడు.