సొట్ట పడిన గార్డు

కువైట్‌లోని షువైబాలో ఫ్యాబ్రికేటర్‌గా చేరి పన్నెండేళ్లు దాటింది. సెలవుకి ఇంటికొస్తే రాజోలు దగ్గర మా బావమరిది షాపులో కూర్చోవడం అలవాటు. రొయ్యల చెరువు నీళ్లలోకి గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే షాపది. ఈసారి వెళ్లిన మొదటి రోజే గుండె ఝల్లుమంది. నాలుగంగుళాల గ్రైండర్‌కి గార్డు, అంటే వీల్‌కి అడ్డంగా ఉండే రేకు తొడుగు, పీకేసి, పెద్ద వీల్ కంత సరిపోయేలా లోపల బుష్ వేసి, ఏడంగుళాల కటింగ్ వీల్ బిగించారు. దాంతో ఓ కుర్రాడు లుంగీ ఎగ్గట్టుకుని, కాళ్లకి హవాయి చెప్పులతో స్టీలు పైపు కోస్తున్నాడు. కళ్లద్దాలు కూడా లేవు.

"ముందు ఆపు" అన్నాను.

"అలవాటేనండి, ఏం కాదు" అన్నాడు వాడు.

బావమరిది లోపల్నుంచి వచ్చాడు. "గార్డుంటే మూలల్లోకి దూరదు బావా. చిన్న వీలైతే నాలుగు కోతలకే అరిగిపోతుంది. అవతల రైతు బండి మీద కూర్చుని చూస్తున్నాడు కదా."

వాడి తొందర నాకు తెలియనిది కాదు. రాత్రిపూట చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరేటర్ ఆడకపోతే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, లక్షల్లో పోతుంది. అయినా ఆ వీల్ విప్పించి, దాని మీద అచ్చు వేసిన అంకె వాడి చేతే చదివించాను. 8,500. నిమిషానికి అంతకు మించి తిప్పకూడదని. మిషను మీద రాసి ఉన్నది 11,000. ఆ వీల్ అంచు సెకనుకి 80 మీటర్ల వేగం వరకే తట్టుకునేలా చేశారు. ఈ మిషను మీద అది నూరు మీటర్లు దాటిపోతుంది. అంటే గంటకి 370 కిలోమీటర్లు. అలా తిరిగేది కుర్రాడి ముఖానికి మూరెడు దూరంలో ఉంది, మధ్యలో ఏ అడ్డూ లేదు.

2014 ఎండాకాలంలో నేను కళ్లారా చూసింది వాళ్లకి చెప్పాను. షువైబాలో మా పక్క టేబుల్ మీద నిజామాబాద్ నుంచి వచ్చిన అన్న ఒకాయన తొమ్మిదంగుళాల మిషనుతో ఇనుప ఛానెల్ దూలం కోస్తున్నాడు. ఛానెల్ రెండో కొస కింద సపోర్టు పెట్టలేదు. కోత పూర్తి కావస్తుండగా ఆ కొస బరువుకి వంగి, చీలిక మూసుకుని వీల్‌ని నొక్కేసింది. టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు. ఓ ముక్క రేకు గోడని చీల్చుకుని బయటికి పోయింది. ఇంకోటి గార్డుకి తగిలి ఆగింది. అన్నకి మోచేతి మీద గీతలు తప్ప ఏం కాలేదు.

ఆ గార్డుని ఫోర్‌మన్ పారేయనివ్వలేదు. టూల్ రూమ్ తలుపు పక్కన మేకుకి తగిలించాడు. మిషను తీసుకోవడానికి సంతకం పెట్టే ప్రతివాడికీ అది కనపడాలి. ఓ రోజు ఆ సొట్టలో నా బొటనవేలు పెట్టి చూశాను. గోరు మొత్తం మునిగింది. అది అన్న మెడకి ఎదురుగా ఉన్న వైపు.

అక్కడ నేర్చుకున్నవి ఎక్కువేం కాదు గానీ, రోజూ చేయించేవారు. వీల్ మార్చేముందు ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. వీల్ మధ్య రింగు మీద తేదీ చూడాలి, అది దాటిన వీల్ కొత్తగా మెరుస్తున్నా చెత్తలోకే. బిగించాక మనిషి లేని వైపు తిప్పి ఓ నిమిషం ఖాళీగా నడపాలి. లోపల పగులుంటే చాలావరకు అప్పుడే బయటపడుతుంది. సన్నటి కటింగ్ వీల్‌తో పక్కవాటుగా రుద్దకూడదు, రుద్దడానికి మందపాటిది వేరే ఉంది. పక్క హ్యాండిల్ తీసేసి ఒంటిచేత్తో పట్టుకుంటే అక్కడ ఆ రోజుకి పని ఆపేసేవారు. చేతికి కాశీదారం ఉన్నా విప్పమనేవారు. నాకు మొదట్లో కష్టంగానే అనిపించింది, అమ్మ కట్టింది మరి. డ్రిల్లింగ్ మిషను దగ్గర గ్లోవ్స్ కూడా తీయించాక అర్థమైంది. తిరిగేదానికి ఒక్క పోగు చిక్కినా చెయ్యంతా లాక్కుంటుంది.

కళ్లద్దాల సంగతి వేరు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 వరకు అక్కడ ఆరుబయట పని నిషేధం. మాది రేకుల షెడ్డు కాబట్టి పని సాగేది. చెమటకి అద్దాలు మసకబారితే నుదుటి మీదికి నెట్టేసుకునేవాళ్లం. రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి జీతంలో కోసేవారు. మా కోనసీమ ఉక్కపోతలో వీళ్లు అద్దాలు పెట్టుకోరంటే నాకు కోపం రాదు. కాకపోతే ఆ చెమట తుడుచుకోవడానికి ఓ నిమిషం ఆగమంటాను.

అంతలో మూలన ఇంకోటి కనపడింది. కర్ర కోసే పళ్ల బ్లేడు తగిలించిన గ్రైండర్. కొబ్బరి దూలాలకట. అది కర్రలో పట్టేసిందంటే మిషను ఎగిరి మనిషి మీదికే వస్తుంది. ఆ బ్లేడు నేనే విప్పి సంచిలో వేసుకున్నాను. బావమరిది ముఖం చిన్నబోయింది గానీ మాట్లాడలేదు.

సాయంత్రం తుక్కు ఇనుము గుట్టలో వెతికితే ఓ గార్డు దొరికింది. క్లాంపు బోల్టు తుప్పు పట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి, రాత్రంతా వదిలేసి, పొద్దున పానాతో తిప్పితే వచ్చింది. కుర్రాడే బిగించాడు, నాలుగంగుళాల వీలే వేశాడు. రెండో మిషను గార్డు ఎక్కడ వెతికినా దొరకలేదు. పాలకొల్లులో దొరుకుతుందన్నారు. అది వచ్చేదాకా ఆ మిషనుకి వైరు చుట్టేసి, మా అత్తగారింట్లో బీరువా మీద పెట్టించి విమానమెక్కాను.