లెక్కలంటే భయపడి వెల్డర్ ట్రేడ్‌లో చేరితే...

పదో తరగతి గణితం అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఎంపీసీ వద్దంటే వద్దని ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ తీసుకున్నాను. ఏడాది కోర్సు, ఎనిమిదో తరగతి పాసైనా చాలు. "అంతా చేతిపనే, లెక్కలుండవు" అన్నాడు మా మేనమామ. సగమే నిజం. ఐటీఐ చివర్లో రాసే అఖిల భారత ట్రేడ్ టెస్టులో వర్క్‌షాప్ కాలిక్యులేషన్ (పనిలో వాడే లెక్కలు) కూడా ఉంది. ఆ పుస్తకం తెరవగానే వర్గమూలాలు ఎదురయ్యాయి. మూసేశాను.

మళ్లీ తెరిపించింది ఒక ఇనుప ముక్క. చదరపు మీటరు ఉక్కు రేకు మిల్లీమీటరు మందానికి 7.85 కిలోలు తూగుతుందని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పారు. మేం రోజూ అతికే 150 × 50 × 10 మి.మీ. ముక్క బరువు లెక్కేస్తే 589 గ్రాములు వచ్చింది. నమ్మబుద్ధి కాక కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. 580 చూపించింది. తక్కువైన ఆ కాస్తా నా వంకర కోతల పుణ్యం! అప్పటినుంచి ప్రతి లెక్కనూ చేతిలోని వస్తువుతో ముడిపెట్టుకున్నాను. మీరూ అలాగే చేసి చూడండి.

ప్రాక్టికల్‌కు మాత్రం చెవులే ఆధారం. 3.15 మి.మీ. వెల్డింగ్ రాడ్డుకు కరెంటు 110 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఆర్క్‌ను (రాడ్డుకూ ఇనుముకూ మధ్య వెలిగే మెరుపును) రాడ్డు మందమంత దూరంలో నిలిపితే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. దూరం పెరిగితే బుసకొట్టి నిప్పురవ్వలు చిమ్ముతుంది. క్లాసు టెస్టులో నా అతుకు పైకి నున్నగానే ఉంది. గాటు పెట్టి విరగ్గొడితే లోపల స్లాగ్ (అతుకు మీద పేరుకునే చిట్టెం) చారలు బయటపడ్డాయి. మొదటి పూత మీది స్లాగ్‌ను సుత్తితో పూర్తిగా రాల్చకుండానే రెండోది వేసేశాను. తొందరే తప్ప నైపుణ్యం లేక కాదని ఇప్పటికీ వాదిస్తాను.

ఇక రైల్వే ఉద్యోగాల సంగతి. అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు సహాయ డ్రైవర్) అర్హత ట్రేడ్‌లలో వెల్డర్ లేదు. మా బ్యాచ్‌లో ఇద్దరికి ఇది దరఖాస్తు నింపేటప్పుడు తెలిసింది. మనకున్నది టెక్నీషియన్ గ్రేడ్-3. 2024 నోటిఫికేషన్ ప్రకారం దాని పరీక్షలో 100 ప్రశ్నలకు సైన్సు 40, గణితం 25. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. అందుకే గణితంలో గుడ్డిగా జవాబులు పెట్టను. శాతాలు, నిష్పత్తులు, వైశాల్యాలు రోజుకు పది చొప్పున చేస్తున్నాను. కాలం–పని జోలికి ఇంకా వెళ్లలేదు.