నాన్న కేస్ షీట్ చేతికి రావడం: నా అనుభవం

నాన్నకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాక కూడా నొప్పి తగ్గలేదు. వేరే డాక్టరుకు చూపిస్తే ఆయన డిశ్చార్జ్ సమ్మరీ తిరగేసి, "ఇందులో ఏముందమ్మా? ఆపరేషన్ నోట్స్ ఉంటే ఏదైనా తెలుస్తుంది. కేస్ షీట్ మొత్తం తీసుకురా" అన్నారు. కేస్ షీట్ అంటే ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ పేషెంటు గురించి రాసిన రికార్డులన్నీ.

ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్‌వాళ్లు పీఆర్వో దగ్గరికి పంపారు, ఆయన రికార్డ్స్ రూమ్‌కి పంపాడు. అక్కడున్నతను, "అవి హాస్పిటల్‌వి మేడం, బయటికి ఇవ్వం. సమ్మరీ ఇచ్చాం కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. చిక్కంతా అక్కడే. అరిస్తే గొడవ మనిషి అంటారు, నవ్వుతూ అడిగితే రేపు రమ్మంటారు.

అతను చెప్పింది సగం నిజం. అసలు కాగితాలు ఆసుపత్రి దగ్గరే ఉంటాయి, కానీ కాపీలు అడిగే హక్కు పేషెంటుది. 2002 నాటి భారత వైద్య మండలి ప్రవర్తనా నియమావళి ప్రకారం, పేషెంటు గానీ ఆయన తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన పేషెంట్ల హక్కుల పత్రంలోనూ ఈ మాట ఉంది. ఆ హక్కుల బోర్డు ఒకటి ఆ ఆసుపత్రి లాబీలోనే తగిలించి ఉంది, అది వేరే సంగతి.

పని జరిగింది అర్జీతోనే. నాన్న సంతకంతో ఒక పేజీ రాశాం. ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ వేసి, కావాల్సినవి పేరుపేరునా అడిగాం: ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డు, నర్సింగ్ చార్టులు, కన్సెంట్ (సమ్మతి) ఫారాలు. ఊరికే 'రికార్డులు' అని రాస్తే మళ్లీ ఆ సమ్మరీయే చేతిలో పెడతారని నా అనుమానం. నా పేర ఆథరైజేషన్ లెటర్, ఇద్దరి ఐడీ జెరాక్సులు జతచేశాం. సూపరింటెండెంట్ ఆఫీసులో ఇచ్చి, మా కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు వేయమన్నాను.

"సార్‌ని అడగాలండీ" అన్నాడు క్లర్కు.

"అడగండి, కూర్చుంటాను."

కాసేపటికి తేదీతో సహా స్టాంపు పడింది. గడువులోపే ఫోన్ వచ్చింది. జెరాక్స్ ఖర్చు కట్టించుకుని కాగితాల కట్ట ఇచ్చారు. కొత్త డాక్టరు ఆపరేషన్ నోట్స్ చదివి, పిత్తనాళంలో రాయి మిగిలిందేమో చూడాలని ఎమ్మార్సీపీ స్కాన్ రాశారు.

నాకు మాత్రం కన్సెంట్ ఫారం దగ్గరే చూపు ఆగిపోయింది. అంతా ఇంగ్లీషు, నాన్నకు ఇంగ్లీషు రాదు. సంతకం ఆయనదే. పైన గీత మీద ఆపరేషన్ పేరు మాత్రం ఇంకెవరిదో దస్తూరీ. నాన్నను అడిగితే, "అప్పుడక్కడ ఖాళీగానే ఉంది. ఆ టెన్షన్‌లో ఎక్కడ చూపిస్తే అక్కడ పెట్టేశా" అన్నారు. చేయబోయేదేమిటో, అందులో ప్రమాదమేమిటో, వేరే దారులేమున్నాయో చెప్పాకే సమ్మతి తీసుకోవాలని సమీరా కోహ్లీ అనే పేషెంటు డాక్టరు మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మరి ఖాళీ గీత కింద పెట్టించుకున్న సంతకాన్ని ఏమనాలి?

ఇదే ప్రశ్న సూపరింటెండెంటుకు రాసిచ్చాను. జవాబు రాకపోతే డాక్టర్ల మీద ఫిర్యాదులు చూసే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు పంపుతాను.