అన్నకు స్నానం ఎవరు చేయించాలి

ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్నే సచివాలయం అమ్మాయి మా ఇంటికొస్తుంది. అన్న చేతివేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉంటాయి. బొటనవేలిని మెల్లగా విప్పి, తడిగుడ్డతో తుడిచి, మిషన్ మీద నేనే ఆనిస్తాను. మూడు నాలుగుసార్లు పెడితే గానీ వేలిముద్ర పడదు. ఆ అమ్మాయి ఎప్పుడూ విసుక్కోలేదు. అన్న పింఛను 15 వేలు చేతిలో పెట్టి వెళ్తుంది. 2024 జూలైకి ముందు అయిదు వేలే వచ్చేవి. ఆ పెంపుతో మా ఇల్లు ఊపిరి పీల్చుకుంది, నిజం.

అన్న 2019లో కడపలోనే స్లాబ్ పని చేస్తూ రెండో అంతస్తు నుంచి పడ్డాడు. ఛాతీ కింద స్పర్శ లేదు. రాత్రిళ్లు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఒక వేసవిలో అమ్మకు జ్వరమొచ్చి, నేను నిద్రపోయి, రెండు రాత్రులు సరిగా తిప్పలేదు. నడుము కింద ఎర్రగా కనిపించిన మచ్చ వారం తిరిగేసరికి రూపాయి బిళ్లంత పుండయింది. మానడానికి నాలుగు నెలలు పట్టింది.

పింఛను పరిశీలనకు డాక్టర్లు ఇంటికే వచ్చారు. కాళ్లు నొక్కి చూశారు, కాగితం నింపుకున్నారు. రాత్రి ఈయన్ను ఎవరు తిప్పుతారని మాత్రం అడగలేదు.

నేను స్నానం చేయిస్తుంటే అన్న కళ్లు మూసుకుంటాడు. 34 ఏళ్ల మనిషి, నేను చెల్లెల్ని. కిందటేడు మా వీధి పిల్లోణ్ని నెలకు ఆరు వేలకు పెట్టుకున్నాం, పొద్దున రెండు గంటలు. ఆ మూడు నెలలు అన్న క్రికెట్ కబుర్లు చెప్తూ స్నానం చేశాడు. కానీ అద్దె, మందులు, డైపర్లు, యూరిన్ బ్యాగులు అన్నీ ఆ 15 వేలల్లోనే కదా. మాన్పించేశాం.

పక్కింటి అత్త కూతురు ఇంగ్లండ్‌లో కేర్ పని చేస్తుంది. అక్కడ కౌన్సిల్ వాళ్లు, అంటే మన మున్సిపాలిటీలాంటి వాళ్లు, ముందు అడిగేదే ఇదంట: లేవడానికి, కడుక్కోవడానికి, బట్టలేసుకోవడానికి, బయటికి పోవడానికి నీకెంత సాయం కావాలని. దాన్నిబట్టి డబ్బు లెక్క కడతారు. కావాలంటే ఆ డబ్బు నేరుగా తీసుకుని మనకు నచ్చిన మనిషిని పనికి పెట్టుకోవచ్చు. దాన్ని డైరెక్ట్ పేమెంట్ అంటారు. వికలాంగులే కొట్లాడి 1996లో ఆ చట్టం తెచ్చుకున్నారు. లెక్కలు చూపించాలి, జీతాల గొడవ మనమే చూసుకోవాలి, టెన్షన్ ఉంటుంది. ఒకే ఇంట్లో ఉండే దగ్గరివాళ్లకు ఆ డబ్బులోంచి జీతమివ్వడానికి, కౌన్సిల్ తప్పదనుకుంటే తప్ప ఒప్పుకోరు. అంటే మా అమ్మలాంటివాళ్లకు రావడం కష్టమే. అది నాకు నచ్చలేదు.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో కూడా, ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకు చూసుకునే మనిషి కోసం భత్యం అని రాసి ఉంది. పింఛను బతకడానికి. ఈ భత్యం మనిషి కోసం. రెండూ ఒకటి కావు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వాలని నిన్న రాత్రి కూర్చుని రాశాను. పొద్దున రెండు గంటలు, రాత్రి నాలుగుసార్లు తిప్పడం, అన్నీ లెక్కేసి పెట్టాను. చదివి వినిపిస్తే అన్న చివరిదాకా విని, "మగమనిషి కావాలని రాయి పాపా, నేనే చూసుకుని పెట్టుకుంటానని కూడా రాయి" అన్నాడు. రాశాను.